అక్కరమాని

తిరుగుడు అంగడి మలుపు తిరిగి పల్లెలోకి వస్తున్న చప్పుడు వినగానే వీధిలోని ఆడవాళ్లందరూ మాటలు ఆపేసి ముఖాలు ఖాళీ చేసుకున్నారు. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు నవ్వు మింగేశారు. చంటిపిల్లను చంకన వేసుకున్న ఒకామె గబగబా ఇంట్లోకి పోయి పిల్లను దించి వచ్చింది. పిల్ల బిస్కెట్ల వైపు చెయ్యి చాపిందంటే చాలు, తల్లి మనసు కదులుతుంది. మనసు కదిలితే ధర లేస్తుంది.

నాంచారికి ముఖం మార్చుకోవాల్సిన పని లేదు. ఆమె ముఖం ఎప్పుడూ అంతే. పదహారేళ్ల పిల్ల. నలుగురిలో నోరు విప్పదు, ఎవరైనా పలకరిస్తే గోడవైపు జరుగుతుంది. బడిలో ఒకప్పుడు "మూగమొద్దు" అని ఏడిపించినవాళ్లే ఇప్పుడు ఆమె పక్కన కూర్చోవడానికి పోటీ పడుతున్నారు.

డ్రైవరు లేని బండి వచ్చి ఆగింది. గాజు అరల్లో బెల్లం, నూనె, సబ్బులు, మామిడిపళ్లు. ఏ సరుకు మీదా ధర రాసి లేదు. ధర సరుకు మీద ఉండే కాలం పోయి ముప్పై ఏళ్లయింది. ఇప్పుడు ధర కొనేవాళ్ల మణికట్టులో ఉంటుంది.

ముందుగా పొరుగింటి ఆద్యవ్వ వెళ్లింది. డెబ్బై దాటిన మనిషి. మామిడిపళ్ల అర ముందు నిలబడి, వాన వస్తుందేమో చూస్తున్నట్టు ఆకాశం వైపు చూసింది. ఆమె ఎడమ మణికట్టు చర్మం కింద బియ్యపుగింజంత గాజుపూస వెలిగింది. నలభై. యాభై రెండు. అరవై ఎనిమిది.

"కిలో ఆరు వందల పది," అంది బండి మర్యాదగా.

"నాకేం అక్కర్లేదు పో!"

డెబ్బై ఒకటి.

"కిలో ఆరు వందల నలభై."

"నోరు అక్కర్లేదంటే ఏం లాభమవ్వా, నోట్లో నీళ్లూరతా ఉండాయి కదా," అన్నారు వెనక నుంచి ఎవరో.

"మా అమ్మ అక్కర్లేదని చెప్పి నాలుగడుగులు ఏస్తే, అంగడాయనే ఎనకనుంచి పిలిచేవాడు మే. 'రామ్మా రా, నీ మాటే కానీ' అని. ఆయనకు తెల్దా మాయమ్మకు కావాలని? తెలిసే పిలిచేవాడు. ఈ దరిద్రపు పూస ఎముకల్లోకి తొంగి చూస్తాది గానీ ఎనక్కి పిలవదు." ఆద్యవ్వ మణికట్టును చీరకొంగుతో కప్పుకుని పక్కకు వచ్చేసింది.

దాని పేరు అక్కరమాని. జ్వరం ఎంతుందో ఉష్ణమాని చెప్పినట్టు, మనిషికి ఒక వస్తువు మీద ఎంత అక్కర ఉందో అది చెబుతుంది. నాడి, చెమట, ఊపిరి, కంటిపాప, ఏదీ దానికి తెలియకుండా దాగదు. సున్నా నుంచి నూరు దాకా అంకె. అంకె ఎంత పైకి పోతే ధర అంత పైకి పోతుంది. ఇంకో అంగడికి పోదామన్నా లాభం లేదు. మన అంకె మనకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది. పోనీ, అక్కర లేని పక్కింటివాళ్లను కొనమందామంటే కుదరదు. ఏ ఇంటికి కావాలో ఆ ఇంటి మనిషికే అమ్ముతామని అమ్మేవాళ్లు షరతు పెట్టుకున్నారు. బజారుకు షరతులు పెట్టకూడదన్న చట్టం ప్రభుత్వానికే గానీ వాళ్లకు వర్తించదు.

నాంచారి నూనె అర ముందుకు వెళ్లింది. ఇంట్లో నూనె చుక్క లేదు. అయినా ఆమె కళ్లు మూసి తెరిచేలోగా అంకె ఆరుకు దిగింది. జనం నోళ్లు తెరిచారు.

"ఎట్లా చేస్తావు మే? మాకూ చెప్పగూడదా?" అని పక్కామె మోచేత్తో పొడిచింది.

నాంచారి సిగ్గుతో తల దించుకుంది. చెప్పకూడదని కాదు, చెప్పడం రాక. అందరూ కావాలన్న కోరికను అణచిపెట్టాలని చూస్తారు. అణచిపెట్టిన కోరికను పూస ఇట్టే పట్టేస్తుంది. నాంచారి అణచిపెట్టదు. ఆ వస్తువు లేకుండానే రోజులు గడిచిపోయినట్టు ఊహిస్తుంది. నూనె లేదు. నూనె లేకుండా నెల అయింది. ఉడకబెట్టిన కూరలు నాలుకకు అలవాటైపోయాయి. ఇప్పుడు నూనె ఎదురుగా ఉన్నా అదేదో పాత సంగతి. అంతే. ఆ ఊహలో ఆమె ఎంత నిజంగా మునిగేదంటే, కొన్న తర్వాత ఆ నూనెతో వండిన కూర రెండు మూడు రోజులు ఆమెకు ఎబ్బెట్టుగా ఉండేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పెద్ద విషయం అనుకోలేదు.

* * *

నూనె ఇంట్లో పెట్టి నాంచారి చేనికి పోయేసరికి అమ్మ ప్రణవి టమాటాలు కోస్తోంది. ఆద్యవ్వ కూడా కూలికి వచ్చి ఎదురు సాలులో కూర్చుంది. వాళ్లిద్దరికీ రోజూ ఉండే వాదమే నడుస్తోంది.

"ఆ కాలంలో మందు పెట్టె మీద కూడా ధర అచ్చేసి ఉండేది ప్రణవీ. కలెక్టరుకైనా అదే, నాకైనా అదే."

"ఆ కాలంలో టమాటాలు రోడ్డు మీద పారబోసి ఏడ్చినారని కూడా నువ్వే చెప్పినావు కదా పెద్దమ్మా."

"చెప్పినా. లేదంటానా?"

ప్రణవి నవ్వింది. ఆమెకు ఆ చట్టం మీద నమ్మకం. దానికి తెరిచిన తలుపుల చట్టమని పేరు. పేద దేశం తొందరగా పైకి రావాలంటే బజారుకు ఉన్న కట్టుబాట్లన్నీ తీసెయ్యాలని కొందరు, కొన్ని తలుపుల దగ్గరైనా కాపలా ఉండాలని కొందరు పదేళ్లు వాదించుకున్నారట. మొదటివాళ్లు గెలిచారు. రేషను అంగళ్లు పోయాయి, మద్దతు ధరలు పోయాయి, గరిష్ఠ ధరలు పోయాయి. ఎవరినీ ఎవరూ బలవంతం చెయ్యరు, ఇష్టమైతే కొను, లేకపోతే మానుకో. అదొక్కటే నియమం.

ప్రణవి మొగుడు లారీ బోల్తా పడి చనిపోయేనాటికి నాంచారికి తొమ్మిదేళ్లు. దళారి లేకుండా, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, ప్రణవి ఒక్కతే ఈ రెండెకరాలు సాగు చేసి మిద్దె కట్టింది. సముద్రం అవతల ఏదో పట్టణానికి టమాటా అక్కర పెరిగిందంటే ఆ క్షణమే ఆమెకు తెలిసేది. "ఈ పూస లేకపోతే మనం రోడ్డున పడేవాళ్లం," అని ఆమె కూతురితో చాలాసార్లు అంది. అది అబద్ధం కాదు.

"నీకు అమ్మేటప్పుడు బాగానే ఉంటాది," అంది ఆద్యవ్వ. "కొనాల్సి వచ్చినప్పుడు చెప్పు."

"కొనేదానికి నా కూతురు ఉంది కదా," అంది ప్రణవి గర్వంగా. ఆ మాట అంటూనే మొక్క కింది ఎండాకులు తొలగించి కాయ కోసం చెయ్యి పెట్టింది.

ఆమె అరవలేదు. చెయ్యి వెనక్కి లాక్కుని దాని వైపు వింతగా చూసుకుంది. బొటనవేలి కింద రెండు చుక్కలు. మొక్కల మధ్య నుంచి లావుపాటి, మచ్చల పాము మెల్లగా గట్టు వైపు జారిపోయింది.

"రక్తపింజర!" ఆద్యవ్వ బుట్ట కింద పడేసింది. "కదలొద్దు, చెయ్యి కదిలించొద్దు! నాంచారీ, ఆటో పిలువు!"

ఆటోను పిలిచింది నాంచారే. పిలిచేటప్పుడు ఆమె అంకె ఎనభై దాటి ఉంది కాబట్టి ఆటో ధర పదింతలైంది. ఆమె బేరం ఆలోచించకుండా సరే అంది. జీవితంలో మొదటిసారి.

* * *

టౌనులోని వైద్యశాలలో ఒక యంత్రం ప్రణవి చేతిని చూసి ఫలానా పాము అని, విరుగుడు మూడు గంటల్లో ఎక్కాలని చెప్పింది. చెయ్యి అప్పటికే మోచేతి దాకా వాచింది. చిగుళ్ల నుంచి సన్నగా నెత్తురు వస్తోంది. ఆమెను కిటికీ ఎదురుగా ఉన్న బల్ల మీద పడుకోబెట్టారు.

మందుల కిటికీలో ఫయాజ్ అనే ఆయన కూర్చుని ఉన్నాడు. గడ్డం నెరిసిన మనిషి. విరుగుడు పెట్టె తెచ్చి గాజు పలక వెనక పెట్టాడు. మనిషికీ మందుకూ మధ్య జానెడు దూరం.

"ఎవరు కొనేది?"

"నేనన్నా. మా అమ్మకు."

నాంచారి మణికట్టు వెలిగింది. తొంభై ఏడు.

కిటికీ మీద ధర కనబడింది. నలభై రెండు లక్షలు.

ఆద్యవ్వ గోడకు చేరగిలబడింది. "చేను అమ్మేద్దాం మే. ఇప్పుడే, ఈడనే."

"కుదరదవ్వా," అంది నాంచారి. "అమ్మబోయినా ఇదే అంకె చూస్తారు. తొంభై ఏడు మీద ఉన్నోళ్ల చేనుకు ధరెవరు పెడతారు?"

"నాయనా, నువ్వయినా..." ఆద్యవ్వ కిటికీ వైపు చేతులు జోడించింది.

"నన్ను అడగొద్దవ్వా. ధరను ముట్టుకునే హక్కు నాకు లేదు, నా పైనోళ్లకు లేదు, గవర్నమెంటుకే లేదు." ఫయాజ్ తల ఎత్తకుండా అన్నాడు. ఈ మాటలు ఎన్నిసార్లు అని ఉంటాడో, అవి అరిగిపోయి ఉన్నాయి. "ఎంతుంది మీ దగ్గర?"

"లక్షన్నర," అంది నాంచారి.

"అయితే పదికి దిగాల పాపా."

పది! నూనెకు ఆరు. సబ్బుకు మూడు. అమ్మకు పది.

బల్ల మీద నుంచి ప్రణవి పిలిచింది. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. "ఏడుస్తా ఉండావా? ఏడవొద్దు. నీకు తెలిసిన పనే కదా."

"అమ్మా, వేరే సరుకయితే..."

"ఇదీ సరుకే అనుకో. కాసేపు నన్ను మర్చిపో. నేను లేనట్టే అనుకో." ప్రణవి నవ్వబోయింది. పళ్ల మధ్య ఎర్రగా కనబడింది. "తర్వాత గుర్తు తెచ్చుకుందువులే."

నాంచారి కిటికీ వైపు తిరిగింది. కళ్లు మూసుకుంది.

అమ్మ చనిపోయింది, అనుకుంది.

తొంభై తొమ్మిది. ధర యాభై లక్షలు దాటింది.

భయం అది. చావును ఊహిస్తే వచ్చేది భయమే. అక్కడ ఆగకూడదు, దాటాలి. నాన్న పోయినప్పుడు ఏమేం జరిగాయో ఆమెకు తెలుసు. అవన్నీ ఊహలో వరసగా పేర్చుకుంటూ పోయింది. అమ్మను చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. ముఖాన ఎవరో పెద్ద బొట్టు పెట్టారు, వంకరగా పెట్టారు. ఆద్యవ్వ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పాడె లేచింది. ఎనభై ఎనిమిది. మూడో రోజు. పక్కింటివాళ్లు తెచ్చిన అన్నంలో ఉప్పు ఎక్కువైంది, అయినా తింది. డెబ్బై. దినాల రోజు వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు చెప్పులు మారిపోయి గొడవ పడ్డారు. నాంచారికి నవ్వు వచ్చింది. అమ్మ పోయాక మొదటి నవ్వు. యాభై ఐదు.

"ప్రణవీ! ప్రణవీ!" అని ఆద్యవ్వ ఎక్కడో అరుస్తోంది. నాంచారి వినలేదు. వినకూడదు.

నెల. అమ్మ బట్టలు మూట కట్టి ఎవరికో ఇచ్చింది. ఏడాది. చేను కౌలుకు ఇచ్చింది. మంచి కౌలుదారే. ముప్పై. పరీక్షలు రాసింది. అమ్మ ఫోటోకు దుమ్ము పట్టింది, తుడవాలనుకుని మరిచిపోయింది. పంతొమ్మిది. రెండేళ్లు. అమ్మ ఏ చేత్తో జడ వేసేదో గుర్తు రాలేదు. పన్నెండు. అమ్మ గొంతు ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. రాకపోయినా ఏమీ అనిపించలేదు.

నాంచారి కళ్లు తెరిచింది.

కిటికీ మీద ధర వెలుగుతోంది. తొంభై వేలు. ఆమె మణికట్టు మీద సున్నా.

ఫయాజ్ ఆ అంకె వైపు, తర్వాత ఆమె ముఖం వైపు చూశాడు. ఆయన చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది.

"పాపా... కావాలా?"

"ఇస్తే ఇవ్వండి," అంది నాంచారి.

గాజు పలక లేచింది. ఆద్యవ్వ ఆ పెట్టెను లాక్కుని లోపలికి పరుగెత్తింది. నర్సులు ప్రణవి చుట్టూ మూగారు. నాంచారి అక్కడే నిలబడి ఉంది. ఆమెకు వెళ్లాలని తోచలేదు.

"పన్నెండేళ్లుగా ఈ కిటికీ దగ్గర ఉండాను," అన్నాడు ఫయాజ్ నెమ్మదిగా. "కన్నతల్లికి సున్నా నేను చూడలా. ముప్పై చూసినా. ఒకసారి ఇరవై రెండు చూసినా, వాళ్లకు పడేది కాదంట. సున్నా..." ఆయన ఒక స్టూలు తెచ్చి బయట పెట్టాడు. "కూచో పాపా. నీళ్లు తాగు."

"వద్దన్నా. నేను బాగానే ఉండా."

నిజంగానే బాగానే ఉంది. అదే ఆయనను భయపెట్టింది.

* * *

ప్రణవి బతికింది. ఐదో రోజు ఇంటికి వచ్చింది. పల్లె పల్లెంతా వాకిట్లోకి వచ్చింది. నలభై రెండు లక్షల మందును తొంభై వేలకు కొన్న పిల్లను చూడటానికి పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. బడి హెడ్మాస్టరు వచ్చి, అంకె దించుకోవడం నేర్పే నిబ్బరం తరగతిలో పిల్లలకు నాంచారి చేత రెండు మాటలు చెప్పిస్తానన్నాడు. ఒకామె తన కూతురి గడ్డం పట్టుకుని, "చూడవే, చూసి నేర్చుకో," అంది.

ప్రణవి మాత్రం కూతురి చుట్టూ తిరిగింది. వైద్యశాలలో ఉన్నన్ని రోజులూ నాంచారి వేళకు వచ్చి వేళకు పోయింది. మందులు ఇచ్చింది, దుప్పటి కప్పింది. ఏదీ తక్కువ చెయ్యలేదు. అయితే ఒక్కసారైనా దగ్గరికి జరిగి కూర్చోలేదు. పిల్లకు సిగ్గు, భయపడి ఉంటుంది, సర్దుకుంటుంది అనుకుంది ప్రణవి. "గుర్తు తెచ్చుకున్నావా లేదా నన్ను?" అని ఒకసారి నవ్వుతూ అడిగింది కూడా. నాంచారి నవ్వింది. ఎవరైనా జోకు వేస్తే నవ్వినట్టు నవ్వింది.

ఇంటికి వచ్చిన మూడో రోజు ప్రణవి ఎడమచేత్తోనే రోటి దగ్గర కూర్చుని ఊరుబిండి నూరింది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. నూరడానికి గంట పట్టింది. వేరుశనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు. నాంచారికి చిన్నప్పటి నుంచీ అదంటే ప్రాణం. వేడి సంగటి ముద్ద మీద నెయ్యి వేసి, పక్కన ఊరుబిండి పెట్టి, కూతురి ముందు పెట్టి, తినేదాకా అక్కడే కూర్చుంది. ఆద్యవ్వను కూడా పిలిచింది.

"నీ చేతికి దణ్ణం పెట్టాల ప్రణవీ," అంది ఆద్యవ్వ మొదటి ముద్దకే. "పాము కరిసినా కారం తగ్గలా."

నాంచారి నెమ్మదిగా నమిలింది. ముఖం కొంచెం వెలిగింది. అది చూసి ప్రణవి ఊపిరి పీల్చుకుంది.

"బాగుంది కదవ్వా," అంది నాంచారి. "మా అమ్మ కూడా అచ్చం ఇట్లే చేసేది."

ఆద్యవ్వ చేతిలోని ముద్ద కంచంలో పడింది.

నాంచారి గమనించలేదు. "ఇంతే కారం వేసేది. ఎల్లిపాయ మాత్రం ఇంకో రెండు ఎక్కువేసేది అనుకుంటా. సరిగ్గా గుర్తు లేదు."

బయట ఎవరో ఆటో కోసం బేరం లేకుండా సరే అంటున్నారు.

ప్రణవి మోకాళ్ల మీద జరిగి వచ్చింది. మిరపకారం అంటిన ఎడమచేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది. "మే," అంది. "నాంచారీ. నా వైపు చూడు. నేను ఈడే ఉండా. చచ్చిపోలేదు నేను. ఈడే ఉండా మే."

నాంచారి చూసింది. ఆ ముఖం ఎవరిదో ఆమెకు తెలుసు. పేరు తెలుసు, కుడిచేతి మీద పాము గాట్లు ఎక్కడున్నాయో తెలుసు. ఆ మనిషి ఏడుస్తోందని, ఏడవడానికి కారణం తానేనని కూడా తెలుసు.

"తెలుసు," అంది.

చెయ్యి ఇంకా ఆ చేతిలోనే ఉంది. ఎంతసేపు ఉంచి తీసుకుంటే ఆమె నొచ్చుకోకుండా ఉంటుందో అని నాంచారి ఆలోచిస్తూ కూర్చుంది.